రెండు కుర్చీల మధ్య లింకు

మా డ్రైనేజీ డివిజను ఆఫీసులో మనుషులు మాట్లాడుకోవడం మానేసిన రోజుల గురించి బయట రకరకాలుగా చెప్పుకుంటున్నారు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే మా ఈఈ గారికి మతి చలించిందని కొందరూ, సిబ్బంది మౌనసమ్మె చేశారని కొందరూ అంటున్నారు. రెండూ నిజం కాదు. ఆ పద్ధతిని తయారు చేయడంలో నాకూ చెయ్యుంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత.

జూలై మొదటి వారంలో మా ఆఫీసు కంప్యూటరుకీ రాజధానిలోని పెద్దాఫీసు కంప్యూటరుకీ మధ్య ప్రత్యేకంగా ఒక లైను వేశారు. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఇంకెవరూ ఉండరు. లైను వేసిన మనిషి పెట్టె బిగించి భోజనానికి వెళ్ళాడు. ఈఈ ఏకాంబరేశ్వరరావు గారు కొబ్బరికాయ కొట్టి స్విచ్చి నొక్కారు. పెట్టె మీద దీపాలు కాసేపు మిణుకుమన్నాయి, ఆగాయి, మళ్ళీ మిణుకుమన్నాయి.

"ఏం చేస్తోందయ్యా అది?" అన్నారు ఈఈ గారు.

మా వంశంలో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందువల్ల ఎవరు ఏ ప్రశ్న అడిగినా పది మార్కుల జవాబు చెప్పడం నాకు అలవాటైపోయింది.

"ఒప్పందం చేసుకుంటోంది సార్. రెండు కంప్యూటర్లు ఊరికే మాటలు మొదలెట్టవు. ముందు ఇది అడుగుతుంది, ఒక్కసారికి ఇంత పొడుగు మాటే మాట్లాడదాం, ఇలా ఇలా చేద్దాం, సరేనా అని. అవతలిది మూడు రకాలుగా జవాబివ్వచ్చు. అన్నీ నచ్చితే, అడిగినదాన్ని అక్షరం మార్చకుండా తిరిగి పంపి 'సరే' అంటుంది. ఏదైనా నచ్చకపోతే 'అలా కాదు, ఇలా అయితే సరే' అంటుంది. అసలు అర్థమే కాకపోతే 'ఆ అంశం తీసేసి మళ్ళీ అడుగు' అంటుంది. ఇటునుంచి అయ్యాక అటునుంచి కూడా ఇదే తంతు. తర్వాత, నువ్వు నిజంగా నువ్వేనా అని పరీక్ష. అందులో నెగ్గితే అప్పుడు మాటలు. మధ్యమధ్యలో 'ఉన్నావా?' 'ఉన్నాను'. చివర్లో 'ఇక కట్ చేయనా?' 'చెయ్యి'. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది సార్."

ఆఖరి వాక్యం ఆయన వినలేదు. అప్పటికే ఆయన కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

దానికి కారణం ఉంది. అంతకుముందు నెలలో ఆయన తూర్పు డ్రైనులో గుర్రపుడెక్క తీయించమని చెబితే, ఆ మాట నలుగురి నోళ్ళు దాటేసరికి పడమటి డ్రైను అయింది. పడమటి డ్రైనులో గుర్రపుడెక్క లేదు. అయినా తీశారు.

"ప్రసన్నా," అన్నారు ఈఈ గారు నా భుజమ్మీద చెయ్యి వేసి, "ఈ పెట్టెకున్న క్రమశిక్షణలో పదో వంతు మన సిబ్బందికి ఉంటే ఈ డెల్టా ఎక్కడో ఉండేది."

మర్నాడు సర్క్యులరు వచ్చింది.

"విషయము: సిబ్బంది పరస్పర సంభాషణ – బిందువు నుండి బిందువునకు అనుసంధానము ఏర్పరచుకొను పద్ధతి – తక్షణ అమలు – గురించి. సూచిక: కార్యనిర్వాహక ఇంజనీరు వారి మౌఖిక ఆదేశములు. ఇకపై ఏ ఉద్యోగియైనను మరియొక ఉద్యోగితో ముందుగా అనుసంధానము ఏర్పరచుకొననిదే సంభాషించరాదు. అనుసంధానము లేకుండ పలికిన మాట పలికినట్లుగాను, విన్న మాట విన్నట్లుగాను పరిగణింపబడదు."

ఆ చివరి వాక్యం నేను రాసిందే. బాగుందన్నారు ఈఈ గారు.

నాలుగు రంగుల చీటీలు అచ్చు వేయించాం. పసుపుది అడిగే చీటీ. ఆకుపచ్చది 'సరే'. నీలం 'ఇలా అయితే సరే'. ఎరుపు 'తీసేసి మళ్ళీ అడుగు'. పరీక్ష కోసం ఏ ఇద్దరి మధ్యనైనా ఒక రహస్యపదం ఉండాలన్నాం. ఆ పదం పైకి చెప్పకూడదు. అవతలివాళ్ళు ఒక అంకె ఇస్తారు, పదంలో ఉన్న అక్షరాల సంఖ్యతో ఆ అంకెని గుణించి జవాబు చెప్పాలి.

నా మొదటి లింకు మా సూపరింటెండెంటు త్రిపురసుందరి మేడంతో. ఆవిడ బల్లా నా బల్లా ఆనుకునే ఉంటాయి. ఫ్యాను గాలికి నా కాగితాలు ఎగిరిపోతున్నాయి, ఫ్యాను బటను ఆవిడ వీపు వెనకాల ఉంది. పసుపు చీటీ రాశాను: "ఒక్కసారికి పది మాటలు మించకుండా, తెలుగులో మాట్లాడదలిచాను." ఆవిడ నీలం చీటీ ఇచ్చారు: "పది ఎందుకు, ఆరు చాలు." ఆరని రాసి మళ్ళీ పసుపు చీటీ ఇచ్చాను. ఆకుపచ్చ వచ్చింది. ఇక ఆవిడ వంతు. ఆవిడ పసుపు చీటీలో "వింటూ వత్తులు చేసుకుంటాను" అని ఉంది. ఆ అంశం మా నిబంధనల్లో ఎక్కడా లేదు. ఎరుపు చీటీ ఇచ్చాను.

"ఏమయ్యా, వత్తులంటే ఏమిటో తెలీదా నీకు?" అన్నారావిడ పైకే.

లింకు లేదు కాబట్టి నేను విన్నట్టు కాదు. తల దించుకుని కూర్చున్నాను. ఆవిడ నన్నూ, చీటీనీ, చేతిలో దూదినీ మార్చి మార్చి చూసి, ఆ అంశం తీసేసి మళ్ళీ రాశారు. నేను ఆకుపచ్చ ఇచ్చాను. పరీక్షలో ఇద్దరం నెగ్గాం. నలభై నిమిషాలు పట్టింది.

"మేడం, ఫ్యాను కొంచెం తగ్గించండి," అన్నాను.

అప్పటికి కరెంటు పోయి పావుగంటైంది.

మొదట్లో చిన్నచిన్న ఇబ్బందులు తప్పలేదు. పది నిమిషాలకోసారి "ఉన్నారా?" "ఉన్నాను" అనుకోవాలి. మూడుసార్లు బదులు రాకపోతే లింకు తెగిపోయినట్టు. అటెండరు టీ కోసం వెళ్ళి వచ్చేలోగా అతనికున్న ఎనిమిది లింకులూ తెగేవి. మళ్ళీ కలుపుకునేసరికి టీ చల్లారేది. త్రిపురసుందరి మేడం రహస్యపదానికి ఆరక్షరాలని మూడో రోజుకే ఆఫీసంతా కనిపెట్టేసింది, ఆవిడ పేరే అది. కానీ నెలాఖరు సమీక్షలో ఒక విషయం తేలింది. ఆ నెల మొత్తంలో మా డివిజనులో ఒక్క తప్పుడు సమాచారం కూడా వెళ్ళలేదు. ఏ సమాచారమూ వెళ్ళలేదు కనక ఆ లెక్కలో తిరుగులేదు.

ఆగస్టు మూడో తేదీన వాన మొదలై తెల్లారే దాకా ఆగలేదు.

నాలుగో తేదీ ఉదయం, మోకాళ్ళ దాకా బురదతో ఒకావిడ ఆఫీసులోకి వచ్చింది. పేరు వీరవేణి. ఊరు చినతిప్ప.

"ఈఈ గారున్నారా బాబూ?"

"ఉన్నారమ్మా. ఏం పని?"

"మూడెకరాలు కౌలుకి చేత్తన్నానండి. నాట్లేసి పదకొండ్రోజులయ్యింది. రాత్రి వానకి నీళ్ళు చేలమీదకొచ్చేసినియ్యి. స్లూయిజు తలుపులెత్తితే ఒక్క పూటలో లాగేత్తాది. లస్కరు సింహాద్రినడిగితే ఆర్డరు లేందే ముట్టుకోనంటాడు. అయిదు రోజులు బాబూ, ఆ పైన మొక్క ఆగదు, కుళ్ళిపోద్ది. మళ్ళీ నాటుదారంటే ఇప్పుడు నారెక్కడుంది నాకు?"

ఈ స్లూయిజు సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. చినతిప్ప దగ్గర మా డ్రైను సముద్రపు పాయలో కలుస్తుంది. పోటు సమయంలో ఉప్పునీరు చేలల్లోకి ఎదురెక్కకుండా అక్కడ ఇనప తలుపులు దించి ఉంచుతాం. పోటు తగ్గినప్పుడు తలుపులెత్తితే చేలల్లో నీరు పాయలోకి పోతుంది. ఎత్తేది అక్కడ కాపలా ఉండే లస్కరు, ఎత్తమని మా ఈఈ గారు ఆర్డరివ్వాలి. అయితే పక్కనున్న కాలవ గట్టు ఇరిగేషను డివిజనుది. నీళ్ళ ఉరవడికి గట్టు కోసుకుపోవచ్చు కాబట్టి, ముందుగా ఇరిగేషను ఈఈ గారి సమ్మతి కావాలి.

ఇరిగేషను ఈఈ గారు మే నెలలో రిటైరయ్యారు. కొత్తవారిని వేసేదాకా ఆ కుర్చీ అదనపు బాధ్యత కూడా మా ఏకాంబరేశ్వరరావు గారికే ఇచ్చారు. ఆ గది మా వరండాకి అవతలి వైపే. వరండా వెడల్పు ఇరవై ఆరడుగులు. ఇంతకుముందు ఇలాంటి సందర్భాల్లో ఆయన ఒకే కాగితం మీద రెండు సంతకాలు పక్కపక్కన పెట్టేసి టీ తాగేవారు.

ఆ ఉదయం ఆయనతో కలుపుకున్న లింకు ఇంకా తెగలేదు కాబట్టి, వీరవేణి మాట విన్నవించాను. వినగానే కాగితం ముందుకు లాక్కున్నారు, కలం తీశారు, ఆగారు.

"వద్దు. నియమం నేనే పెట్టి నేనే తప్పితే రేపు సిబ్బంది నా మాట వింటారా? ఇరిగేషను ఈఈతో లింకు కలుపుతాను."

"ఇరిగేషను ఈఈ కూడా మీరే కదా సార్."

"అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆయన ఎలాంటివాడో నాకు తెలుసు."

ఆయన పసుపు చీటీ రాసి, వరండా దాటి, అవతలి గదిలో కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, ఆ చీటీ చదివారు. చదువుతుంటేనే మొహం మారిపోయింది.

"ఒక్కసారికి ఇరవై మాటలా! ఈ డ్రైనేజీ వాళ్ళకి వాగుడెక్కువ," అని నీలం చీటీ మీద 'ఎనిమిది' అని రాశారు. మళ్ళీ వరండా దాటి వచ్చి కూర్చుని అది చదువుకున్నారు.

"చూశావా ప్రసన్నా, ఇరిగేషను వాళ్ళ పొగరు! ముప్పై ఏళ్ళుగా ఇంతే."

ఆఫీసు మూసేవేళకి ఇద్దరూ పన్నెండు మాటల దగ్గర రాజీపడ్డారు. ఈఈ గారు వరండా మీద పద్నాలుగుసార్లు తిరిగారు. వీరవేణి గుమ్మం దగ్గర కూర్చుని, అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ తల తిప్పుతూ ఆయన్నే చూసింది.

అయిదో తేదీన కొత్త చిక్కొచ్చింది. కంప్యూటర్ల పద్ధతిలో ఒక జాగ్రత్త ఉంది. ఈ చివర ఉన్నది తనకి తోచిన అంకె ఒకటి పంపుతుంది, ఆ చివరది తనకి తోచిన అంకె పంపుతుంది. తను పంపిన అంకే తనకి తిరిగి వచ్చిందంటే అవతల ఎవరూ లేరనీ, లైను ఎక్కడో మడతపడి తన గొంతే తనకి వినిపిస్తోందనీ అర్థం. వెంటనే కట్ చేసేయాలి. ఈ అంశం కూడా నేనే నిబంధనల్లో చేర్చాను, జవాబు సంపూర్ణంగా ఉండాలని.

డ్రైనేజీ ఈఈ గారు తనకి తోచిన అంకె రాశారు: పదకొండు. వరండా దాటారు. ఇరిగేషను ఈఈ గారు తనకి తోచిన అంకె రాశారు: పదకొండు.

"లైను మడతపడింది సార్," అన్నాను. "కట్ చేయాలి."

"పదకొండు నాకు కలిసొచ్చే అంకె."

"ఆయనక్కూడా అదే కలిసొస్తుంది సార్."

మొదటి నుంచీ మళ్ళీ మొదలెట్టారు. ఆ రోజు నాలుగుసార్లు కట్ అయింది. అయిదోసారి త్రిపురసుందరి మేడం, లింకు లేకుండానే, ఎవరితోనో అన్నట్టు గోడ వైపు చూస్తూ "పన్నెండు రాస్తే సొమ్మేం పోతుంది?" అన్నారు. ఈఈ గారు విననట్టు పరిగణించి పన్నెండు రాశారు.

సాయంత్రం వీరవేణి గుమ్మం దగ్గర నన్ను పట్టుకుంది. "పొద్దున్న ఆకు కొసలు కనపడినియ్యి బాబూ. ఇప్పుడు అయ్యీ కనపట్టం లేదు. ఎక్కడిదాకా వచ్చింది మీ లింకు?"

"సగం దాకా వచ్చిందమ్మా."

"ఏ సగం? ఆయన నడిసే సగవా, ఈయన నడిసే సగవా?"

నిబంధనల కాగితం తీసి వెతికాను.

ఆరో తేదీన పరీక్ష. ఇరిగేషను ఈఈ గారు అంకె ఇచ్చారు. డ్రైనేజీ ఈఈ గారు తన రహస్యపదంతో గుణించి, జవాబు రాసుకుని, వరండా దాటి తీసుకెళ్ళి ఇచ్చారు. ఇచ్చి, అక్కడే కూర్చుని, ఆ జవాబు సరైనదో కాదో చూడబోయి ఆగిపోయారు.

"దీన్ని ఎలా సరిచూస్తారయ్యా?"

"ఇరిగేషను వారికి కూడా ఆ రహస్యపదం ముందే తెలిసి ఉండాలి సార్."

"ఎలా తెలుస్తుంది? అది రహస్యం కదా."

"మీరే చెప్పాలి సార్."

"ఎవరికి?"

"మీకే."

ఆయన నిటారుగా కూర్చున్నారు. "ప్రసన్నా, డ్రైనేజీలో నాది ముప్పై ఏళ్ళ సర్వీసు. ఈ డిపార్టుమెంటు రహస్యం తీసుకెళ్ళి ఇంకో డిపార్టుమెంటు ఈఈకి చెప్పే రకాన్ని కాదు నేను."

ఇక మిగిలింది ఒకటే దారి. ఇరిగేషను ఈఈ గారు ఆ పదమేదో ఊహించాలి. నిబంధనల ప్రకారం మూడు అవకాశాలు ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. మూడూ తప్పిపోయాయి.

"గట్టివాడే," అన్నారు డ్రైనేజీ ఈఈ గారి గురించి, గౌరవంగా.

మూడుసార్లు తప్పితే ఆ లింకుని ఒకటిన్నర రోజు మూసెయ్యాలి. అది కూడా నేను పెట్టిందే. ఏడో తేదీ అంతా, ఎనిమిదో తేదీ మధ్యాహ్నం దాకా తెరవడానికి వీల్లేదు. వీరవేణికి ఈ విషయం నేనే చెప్పాల్సి వచ్చింది.

"అంటే ఆయన్తో ఆయన మాట్టాడుకోడానికే ఇన్ని రోజులా? మా ఆయన తప్పతాగొచ్చినప్పుడు కూడా ఇంతసేపు పట్టదు బాబూ, తన్తో తను గడగడా మాట్టాడేసుకుంటాడు." అని, చీర కొంగు నడుముకి దోపుకుని వెళ్ళిపోయింది. నవ్వుతూ అనలేదు.

ఎనిమిదో తేదీ ఉదయం ఈఈ గారు నన్ను పిలిచారు. "ఈరోజు లింకు కలిసి తీరుతుంది. ఏ క్షణాన కలిసినా ఆర్డరు అందుకోడానికి స్లూయిజు దగ్గర మనిషి సిద్ధంగా ఉండాలి. నువ్వెళ్ళి సింహాద్రితో లింకు కలిపి, తెగకుండా చూసుకో."

బస్సు దిగి గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచాను. ఎడమ వైపు చేలు లేవు, నీళ్ళున్నాయి. కుడి వైపు పాయలో పోటు తగ్గిపోయి బురద బయటపడి ఉంది. తలుపులకి అటు నీళ్ళు నిలువెత్తున్నాయి, ఇటు పీతలు పాకుతున్నాయి.

సింహాద్రి అరవైకి దగ్గర పడ్డ మనిషి. స్లూయిజు మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. నేనిచ్చిన పసుపు చీటీ చదవకుండానే ఆకుపచ్చ చీటీ ఇచ్చేశాడు.

"నాకు మిగతా రంగులతో పనిలేదండి. ఏటడిగినా సరేనంటే తొరగా వదిలేత్తారని మేడం గారు చెప్పేరు."

అంత తొందరగా కలిసిన లింకు మా డివిజనులో ఇంకోటి లేదు. పది నిమిషాలకోసారి నేను "ఉన్నావా?" అంటున్నాను, "ఉన్నానండి" అంటున్నాడు. పన్నెండింటికి వీరవేణి వచ్చింది. మమ్మల్నిద్దర్నీ చూసింది. ఏమీ అడగలేదు. నేరుగా గేరు పెట్టె దగ్గరకి వెళ్ళి, తలుపులెత్తే ఇనప హ్యాండిలు రెండు చేతుల్తో పట్టుకుని తిప్పడం మొదలెట్టింది.

"ఓయమ్మోయ్, ముట్టుకోకు! నా ఉజ్జోగం పోద్ది," అంటూ లేచాడు సింహాద్రి.

"నువ్వు ముట్టుకోలేదు కదా. నేను ముట్టుకున్నాను. నాకు ఉజ్జోగం లేదు."

హ్యాండిలు కదల్లేదు. ఆవిడ కాళ్ళు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, మళ్ళీ తోసింది. సింహాద్రి కాసేపు చూశాడు.

"అటు కాదమ్మా. అటు తిప్పితే దిగుతాయి. ఇటు."

ఇటు తిప్పింది. కిర్రుమంది కానీ తిరగలేదు. సింహాద్రి గొడుగు కింద పెట్టేశాడు. "ఒక్కదాని వల్ల అవదు. జరుగు," అని అవతలి వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తోస్తే అరచుట్టు తిరిగింది.

అప్పటికి పది నిమిషాలైంది. నా విధి నేను చేశాను.

"ఉన్నావా?" అన్నాను.

"ఉన్నానండి," అన్నాడు సింహాద్రి ఆయాసపడుతూ. "తవరున్నారా?"

నిబంధనల ప్రకారం ఆ ప్రశ్న అవతలి వైపు నుంచి కూడా రావచ్చు. అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. హ్యాండిలు మీద ఇంకో రెండు చేతులకి చోటుంది. చొక్కా చేతులు మడిచి పట్టుకున్నాను.

పన్నెండుంపావుకి తలుపులు పైకి లేచాయి. నీళ్ళు అరుచుకుంటూ పాయలోకి దూకాయి. గట్టు చెక్కు చెదరలేదు. చేల చివర ముందు గడ్డి కొసల్లాంటివి కనిపించాయి, తర్వాత వరి కొసలు. కొన్ని పచ్చగా, చాలా మటుకు గోధుమరంగులో. వీరవేణి గట్టు దిగి నీళ్ళలో నడుచుకుంటూ వెళ్ళి, ఒక మొక్కని పట్టుకుని లాగింది. మొదలు చేతిలోకి జారొచ్చింది. పారేసి, ఇంకో దగ్గర ఇంకోటి లాగింది. అది రాలేదు. అక్కడే నిలబడిపోయింది.

సాయంత్రం నాలుగున్నరకి ఆఫీసుకి వచ్చేసరికి ఈఈ గారు వరండాలో ఉత్సాహంగా ఉన్నారు.

"కలిసిందయ్యా లింకు! రహస్యపదం ఊహించేశాను. మా ఆవిడ పేరు. డ్రైనేజీ ఈఈ భార్య పేరు ఇరిగేషను ఈఈకి ఎలా తెలిసిందని మాత్రం అడక్కు. సమ్మతి వచ్చేసింది. ఇక ఆర్డరు పంపు!"

"సార్, ఆ తలుపులు మధ్యాహ్నమే—"

"ఆగు. నీతో నాకు లింకుందా?"

"లేదు సార్. నేను చినతిప్పలో ఉండగా తెగిపోయింది."

"మరి?"

నోరు మూసుకుని, ఫోను తీసి, దారంతా 'ఉన్నావా?' అంటూ తెగకుండా తెచ్చిన లింకు మీద సింహాద్రికి ఆర్డరు చదివి వినిపించాను. "చినతిప్ప స్లూయిజు షట్టర్లు తక్షణమే ఎత్తవలెను." నియమం ప్రకారం అతను అక్షరం మార్చకుండా తిరిగి చెప్పాడు. తర్వాత, "ఎత్తే ఉన్నాయండి," అన్నాడు.

ఈఈ గారు గడియారం చూసుకున్నారు. ఆర్డరు వెళ్ళింది నాలుగూ నలభై. అమలైంది నాలుగూ నలభై. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మిగతా డివిజన్లలో ఆర్డరు వెళ్ళాక తలుపులు లేవడానికి సగటున ఆరు గంటలు పడుతోందట. మనకి సున్న నిమిషాలు. అదే రాసి లైను మీద పెద్దాఫీసుకి పంపించాం. ఆ మాట నిజంగానే రెప్పపాటులో వెళ్ళింది.

వారం తిరక్కుండా అభినందన పత్రం వచ్చింది. "అనుసంధాన పద్ధతి ద్వారా ఆదేశములను కాలవ్యవధి లేకుండ అమలుపరచుట రాష్ట్రమునకే ఆదర్శప్రాయము" అని ఉంది అందులో. కింద నా పేరు కూడా ఉంది. ఈ పద్ధతిని మిగతా పదమూడు డివిజన్లకీ విస్తరిస్తారట, వాళ్ళకి నేను శిక్షణ ఇవ్వాలట.

అదే రోజు వీరవేణి మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర కూర్చోలేదు, నా బల్ల దగ్గరకే వచ్చింది.

"ఎకరన్నర నిలబడింది బాబూ. ఎకరన్నర కుళ్ళిపోయింది. మునిగినోళ్ళకి యవసాయం ఆఫీసులో నారిత్తన్నారంటే ఎల్లేను. మీ ఊళ్ళో మునగలేదు పో, అన్నారు. మీ ఆఫీసు కాయితం సూపించేరు. ఆర్డరైన నిమిషంలో తలుపులెత్తేసేరంట. మునగని చేలో మొక్కెలా కుళ్ళుద్దమ్మా, ఎలకలు కొరికేయేమో సూసుకో, అన్నారు." నా బల్ల మీద చెయ్యి ఆన్చి, "నాలుగు రోజుల్లో నాటెయ్యాలి. లేపోతే అదును దాటిపోద్ది," అంది.

నేను వ్యవసాయాధికారి గారికి ఫోను చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. చేలు అయిదు రోజులు మునిగి ఉన్నాయని ఈఈ స్థాయి అధికారి సంతకంతో కాగితం తెస్తే వెంటనే నారు ఇస్తామన్నారు. జూనియరు అసిస్టెంటునైన నా సంతకం చెల్లదన్నారు.

ఫోను పెట్టేసి కూర్చున్నాను. త్రిపురసుందరి మేడం వత్తులు చేసుకుంటున్నారు. కాసేపయ్యాక ఆవిడ నాకు పసుపు చీటీ ఇవ్వలేదు, ఏ చీటీ ఇవ్వలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుని మామూలుగా మాట్లాడారు.

"ఆ తలుపులు ఎత్తిందెవరు?"

చెప్పాను.

"ఉన్నదున్నట్టు రాయగలవా?"

"రాయగలను మేడం. కానీ ఈఈ గారు అభినందన పత్రానికి ఫ్రేము కట్టించారు. ఇప్పుడు ఆ కాగితం మీద సంతకం పెడతారా?"

"ఈ కుర్చీలో పెట్టరు. అవతలి కుర్చీలో ఉన్నప్పుడు ఇవ్వు. ఆయనకి డ్రైనేజీ వాళ్ళంటే పడదు." అని, ఒక వత్తి నలిపి పక్కన పెట్టి, "నీ ప్రొబేషను ఇంకా ఎన్నాళ్ళుంది?" అన్నారు.

"అయిదు నెలలండి."

"ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. మూడు గంటలకి ఇరిగేషను ఈఈ గారు అవతలి గదిలో కూర్చోగానే వెళ్ళి నా నివేదిక ఇచ్చాను. నాలుగో తేదీ నుంచి ఎనిమిదో తేదీ మధ్యాహ్నం దాకా చినతిప్ప చేలు మునిగి ఉన్నాయనీ, డ్రైనేజీ డివిజనుకి చెందిన నేను ఇరిగేషను డివిజను సమ్మతి రాకముందే షట్టర్లు ఎత్తాననీ రాశాను. సింహాద్రి పేరు రాయలేదు. హ్యాండిలు మీద ఆరు చేతులున్నా, సంతకానికి ఒకటి చాలు.

ఆయన చదివారు. మెడ ఎర్రబడింది.

"మా సమ్మతి లేకుండానా? మా గట్టు పక్కనా? అసలు ఏమనుకుంటున్నారయ్యా మీ డ్రైనేజీ వాళ్ళు! మీ ఈఈకి ఇది తెలుసా?"

"తెలీదు సార్. ఆయనతో నాకు లింకు లేదు."

"ఆయనకి నేను చెప్పను కూడా చెప్పను. నాకూ లేదు," అని అక్కడికక్కడే మెమో డిక్టేటు చేశారు.

"ఈ నెల నాలుగవ తేదీ మొదలు ఎనిమిదవ తేదీ మధ్యాహ్నము వరకు, అనగా అయిదు దినములు, చినతిప్ప గ్రామ పొలములు నీట మునిగియున్న మాట వాస్తవమే అయినను, ఈ కార్యాలయము సమ్మతి లేకుండ మీరు షట్టర్లను ఎత్తుట తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యము. మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

కింద ఇరిగేషను ఈఈ హోదాలో సంతకం, గుండ్రటి ముద్ర. వరండాకి ఇవతల గోడ మీద డ్రైనేజీ ఈఈ గారి అభినందన పత్రం అలాగే వేలాడుతోంది. రెండు కుర్చీల మధ్యా లింకు ఎనిమిదో తేదీనే, ఆర్డరు వెళ్ళగానే కట్ అయింది కాబట్టి, రెండు కాగితాల మధ్యా వైరుధ్యమేమీ లేదు.

మెమోకి నకలు తీయించి వీరవేణికి ఇచ్చాను. మర్నాడు ఎకరన్నరకి సరిపడా నారు ఆటోలో వేసుకుని ఆవిడ మా ఆఫీసు ముందు నుంచే వెళ్ళింది. ఆటో ఆపించి లోపలికి వచ్చింది. నేను మెమోకి సమాధానం రాసుకుంటున్నాను.

"నీ ఉజ్జోగం పోద్దా బాబూ?"

"ఏమో అమ్మా. అయిదు నెలల్లో తెలుస్తుంది."

ఆవిడ వెళ్ళబోయి, మళ్ళీ వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"మా మరిదిది కూడా ఎకరం పోయింది. ఒక కాయితానికి ఒకళ్ళకే నారిత్తారంట. ఆ గదిలో అయ్యగార్నడిగి అలాంటి మెమో ఇంకోటి ఇప్పించుకుంటావా?"

పసుపు చీటీ తీసుకుని వరండాలోకి నడిచాను.